మొదటి చుక్క నూనె

పోయిన వారం స్వీటీని, మర్నాటికి నూనె కొనుక్కుని సాయంత్రం ఉప్పుగూడ నుంచి ఛత్రినాక వచ్చే ఆటోలో, ఇద్దరు లావుపాటి మనుషుల మధ్య ఇరుక్కుని, చెవికి ఫోను ఆనించుకుని ఉండగా వదిలేశాం. పాపం, వారం రోజులుగా అక్కడే కూర్చుని ఉంది. ముందు ఆమెను ఇంటికి చేరుద్దాం.

ఫోను చేసినవాడు శ్రీనాథ్. ఉప్పుగూడలో అతని ఇంట్లో పసివాడికి స్వీటీ రోజూ పొద్దున్నే నూనె రాసి లాల పోస్తుంది. నలభై రోజుల ప్యాకేజీ అది. అందులో ముప్ఫై తొమ్మిది రోజులు అయిపోయాయి.

"రేపటితో ఆఖరు కదా" అన్నాడు శ్రీనాథ్. "మా అమ్మ మోకాళ్ళ నొప్పులతో కింద కూర్చోలేదు. వాగ్దేవి సంగతి మీకు తెలుసు, కన్నతల్లయినా వాణ్ణి ముట్టుకోవాలంటేనే వణికిపోతది. ఇంకో ఆర్నెల్లు మీరు పొద్దున్నించి సాయంత్రం దాక మా ఇంట్లనే ఉండండి స్వీటీ. ఏమేం చేస్తరో కాయితం మీద రాసి, రేటు మీరే వేసుకొని రేపు పట్టుకురండి. నేను బేరమాడను."

బేరమాడను అనే గిరాకీ పాతబస్తీలో దొరకడం మాటలా! పత్తర్‌గట్టిలో గాజుల కొట్టువాళ్ళు ఇలాంటివాడి కోసం జన్మంతా కాచుకుని కూర్చుంటారు. స్వీటీకి మాత్రం ఆ ముక్క చెవికెక్కలేదు. ఆర్నెల్లు అన్న దగ్గరే ఆమె ఆగిపోయింది. ఆర్నెల్లలో వాడు బోర్లా పడతాడు. పాకుతాడు. బోసినోట్లో మొదటి పన్ను తెల్లగా కనిపిస్తుంది. అవన్నీ కళ్ళారా చూడొచ్చు. అలా చూసుకుంటూ దిగాల్సిన చోట దిగడం మరిచిపోయి, లాల్‌దర్వాజా దాకా వెళ్ళి, మళ్ళీ వెనక్కి నడిచి వచ్చింది.

కొత్తగా ఈ కథలోకి వచ్చినవాళ్ళకు రెండు ముక్కలు చెప్పాలి. స్వీటీకి ముప్ఫై మూడేళ్ళు. మహేందర్ అనే అతనితో ఆరేళ్ళు కాపురం చేసింది. ఆ ఆరేళ్ళూ నెలనెలా ఎదురుచూసింది, నెలనెలా ఏడ్చింది. ఆఖరికి అటువాళ్ళూ ఇటువాళ్ళూ కూర్చుని విడదీశారు. మొన్నీమధ్యే మహేందర్‌కు కూతురు పుట్టిందని ఎవరో చెప్పగా విని, "మంచిగైంది" అంది. ఆ రోజు అన్నం తినలేదు.

ఇక ఆమె తల్లి బాలమ్మ. ఛత్రినాకలో ఆమె పేరు తెలియని బాలింత లేదు. నలభై ఏళ్ళుగా ఆ గల్లీల్లో ఎవరింట పురిటి బిడ్డ ఏడ్చినా బాలమ్మకు కబురు వచ్చేది. ఆమె కాళ్ళ మీద లాల పోసుకున్న పిల్లలు ఇప్పుడు మీసాలు దువ్వుకుంటూ బుల్లెట్ బండ్ల మీద తిరుగుతున్నారు. బాలమ్మ ఎదురైతే మాత్రం గల్లీ మార్చేస్తారు. నలుగురిలో ఆమె ఏం గుర్తు చేస్తుందోనని వాళ్ళ భయం వాళ్ళది.

ఇన్నేళ్ళలో బాలమ్మ ఎవరినీ ఇంత ఇవ్వమని అడగలేదు. "మీ ఇష్టం" అనేది. వాళ్ళ ఇష్టం ఎలా ఉండేదంటే, మూడు నెలలు చేయించుకుని ఒక చీర పెట్టేవాళ్ళు. ఆ చీరకు పనిలో పనిగా గుడ్డలు ఉతికించి, బియ్యం ఏరించి, వాకిలి ఊడిపించేవాళ్ళు. ఆ నలభై ఏళ్ళకు మిగిలింది రెండు అరిగిపోయిన మోకాళ్ళు.

పుట్టింటికి తిరిగొచ్చాక స్వీటీ రెండేళ్ళు పత్తర్‌గట్టి వెనక ఒక లేడీస్ పార్లర్‌లో బిల్లు కొట్టే బల్ల దగ్గర కూర్చుంది. పార్లర్ ఓనర్ బేబీ మేడం ఆమెకు వ్యాపారం నేర్పింది. పెళ్ళికూతురికి చేసేవన్నీ ఒక్కొక్కటిగా చెబితే జనం ఒక్కొక్కటిగా బేరమాడతారు, కట్టగట్టి ఒక పేరు పెట్టి చెబితే నోరు మూసుకుని వింటారు అనేది మేడం సిద్ధాంతం. "ఏం చేస్తమో రాయాలె. ఏం చెయ్యమో గూడ రాయాలె. రాయంది చేసినవనుకో, రేపటి నుంచి అది ఫ్రీ అయితది" అనేది.

అమ్మ పనిని చేతిలోకి తీసుకున్న రోజే స్వీటీ ఛత్తాబజార్‌కు పోయి కార్డులు అచ్చువేయించింది. పదకొండు రోజుల పురుడు ప్యాకేజీ, ఇరవై ఒక్క రోజుల తొట్టెల ప్యాకేజీ, నలభై రోజుల నిండు ప్యాకేజీ. నూనె మాలీషు, నలుగు, స్నానం, ఊదు పొగ, బాలింతకు నడుము కట్టు. కింద ఎర్రటి అక్షరాల్లో, గుడ్డలు ఉతకడం, వంట, ఇల్లు ఊడవడం ఇందులో లేవు. బాలమ్మ కార్డును చదివించుకుని విని పడీపడీ నవ్వింది. వారం తిరక్కుండా ఫోన్లు మొదలయ్యేసరికి నవ్వు ఆపింది. నెల తిరిగేసరికి స్వీటీ పొద్దున పదిలోపు నాలుగిళ్ళు ముగించుకుని వస్తోంది, ఒక్క ఇంట్లోనూ చీపురు పట్టకుండా. అది చూసి బాలమ్మకు గర్వంగానే ఉండేది. పైకి అనేది కాదు, అంతే.

సరే, ఇంటికి వచ్చాం. సాయంత్రం ఆరవుతోంది. జూన్ వచ్చినా ఎండ ఇంకా గచ్చులోంచి పోలేదు. బాలమ్మ గడప దగ్గర కాళ్ళు చాపి కూర్చుని, రేపటి నలుగు కోసం శనగపిండి జల్లిస్తోంది. స్వీటీ మంచినీళ్ళయినా తాగకుండా నోటుబుక్కు తీసి, మధ్యలో కాయితం చింపి, రాయడం మొదలుపెట్టింది.

పెన్ను ఆగలేదు. నిండు ప్యాకేజీకి కార్డు రాయడానికి ఆమెకు మూడు రోజులు పట్టింది. ఇది అరగంటలో కాయితం అంచుదాకా వచ్చేసింది. రాస్తుంటే ఆమె మొహంలో ఒక వెలుగు ఉంది. బాలమ్మ దాన్ని జల్లెడ మీదుగా చూసింది. కూతురి మొహం అలా ఉండగా చూసి ఎన్నేళ్ళయిందో ఆమెకు లెక్క తెలియలేదు.

"ఏందే గది? ఇంకో కార్డా?"

"నాలుగో ప్యాకేజీ అమ్మా. ఉప్పుగూడ సార్ అడిగిండు. ఆర్నెల్లది."

"సదువు, ఇంట."

బాలమ్మకు చదువు రాదు. స్వీటీ గొంతు సవరించుకుని, పార్లర్‌లో గిరాకీలకు చదివి వినిపించినట్టే మొదలుపెట్టింది. "ఒకటి, పొద్దుగాల లేత ఎండల కూసోబెట్టుడు. రెండు, నూనె మాలీషు, తానం. మూడు, సీసతోని పాలు పట్టుడు, తేపులొచ్చేదాక భుజం మీదేసుకొని తిప్పుడు. నాలుగు, పండబెట్టుడు. ఐదు, సూది ఏయించే దినం దవాఖానకు ఎత్తుకపోవుడు. ఆరు, ముచ్చట్లు చెప్పుడు. ఏడు, ఏడిస్తే ఊకుంచుడు..."

అలా పదకొండు దాకా చదివింది. చదువుతున్నకొద్దీ గొంతు మెత్తబడింది. చివరి రెండూ చదువుతున్నప్పుడు అది ప్యాకేజీలా లేదు. బాలమ్మ జల్లెడ పక్కన పెట్టింది.

"అన్నీ నువ్వే చేస్తివి. మరి పిల్లగాని తల్లి ఏం చేస్తదే?"

"ఆమెకు భయమమ్మా. చెప్పిన గద నీకు. పిల్లగాడు నెల తక్కువల పుట్టిండు. పదిహేను రోజులు అద్దాల పెట్టెల ఉన్నడు, ఒళ్ళంత గొట్టాలు. గప్పటి నుంచి ముట్టుకుంటె విరిగిపోతడేమో అంటది."

"భయం ఎట్ల పోతదే, ముట్టుకోకుంటె? రోజు మొదటి చుక్క నూనె ఆమెతోనే పెట్టిపిస్తున్నవు గద?"

స్వీటీ కాయితం మడత పెట్టడం మొదలుపెట్టింది.

ఆ మొదటి చుక్క సంగతి చెప్పాలి. బాలమ్మ ఏ ఇంట్లోనైనా తన చేతికి నూనె అంటించుకునే ముందు తల్లిని పిలిచేది. తల్లి వేలు నూనెలో ముంచి బిడ్డ అరికాలికి ఒక చుక్క పెట్టాలి. మొదటి రోజు వేలు చాలు. నాలుగో రోజుకు అరచెయ్యి. పదో రోజుకు ఒక కాలంతా తల్లిదే. ఆఖరి రోజున తల్లే పీట మీద కాళ్ళు చాపుకుని కూర్చుంటే, బాలమ్మ చెంబుతో నీళ్ళు మాత్రం పోసేది. పోసి, చెంబు బోర్లించి, వెనక్కి చూడకుండా వచ్చేసేది. ఇది ఎవరూ అడిగింది కాదు, ఎవరూ మెచ్చుకున్నదీ కాదు.

"పెట్టిపిస్తున్నవా లేదా?"

"కార్డు మీద లేదమ్మా అది."

"కార్డు రాసిందెవరు?"

"ఒక్క చుక్కకు పావుగంట పోతది. తల్లి భయపడ్తది, నవ్వుతది, ఫోటో దిగుతది, అత్తను పిలుస్తది. నాలుగిండ్లు తిరగాలె నేను. గందుకే రాయలే."

"మంచిగ చేసినవు. మిగిలిన మూడిండ్లల్ల తల్లులు వాళ్ళంతట వాళ్ళే ఎత్తుకుంటరు, ముద్దులు పెట్టుకుంటరు. ఆ చుక్క లేకున్న నడుస్తది. గీ ఇంట్ల నడవదని నీకెరుకే గద? మొదటి దినం ఎరుక లేదనుకుందాం. పదో దినం? ఇరవయ్యో దినం?" బాలమ్మ గొంతు పెంచలేదు. పెంచితే బాగుండుననిపించింది స్వీటీకి. "యాది మరిచినవా బిడ్డా, మనసు రాలేదా?"

వీధిలో ఎవరో సైకిల్ బెల్లు కొట్టుకుంటూ పోయారు. స్వీటీ కళ్ళ ముందు పన్నెండో రోజు వచ్చి నిలబడింది.

ఆ రోజు వాగ్దేవి తనంతట తానే వెనక వసారాలో స్నానాల గది దాకా వచ్చింది. గడప మీద నిలబడి, ఒక చెయ్యి ముందుకు చాచింది. అడగలేదు, చాచిందంతే. స్వీటీ కాళ్ళ మీద వాడు నూనెతో మెరిసిపోతూ, అప్పుడే మొదటిసారి ఆమె మొహంలోకి చూపు నిలిపి చూస్తున్నాడు. ఆ చూపు పక్కకు తిరిగితే తను బతకలేననిపించింది. "చలిగాలి తగుల్తది మేడం" అంది స్వీటీ. అని, కాలితో తలుపు మూసింది. మే నెల అది.

ఇంట్లో వాడి పేరు అద్వైత్. తలుపు మూసుకున్నాక స్వీటీ "బంగారీ" అని పిలుస్తుంది. ఆ పేరు వాడికీ ఆమెకీ తప్ప మూడోవాళ్ళకు తెలియదు.

"మనసు రాలేదమ్మా" అంది స్వీటీ. అనేశాక ఇక ఆగలేదు, మోకాళ్ళ మీద తల పెట్టుకుని ఏడ్చింది. "నా చేతులల్ల ఊకుంటడు. వేరే ఎవ్వరెత్తుకున్నా ఏడుస్తడు. నేను పోయే ఆటో సప్పుడు ఎరుకైతది వానికి. ఇరవై నాలుగు గంటల్ల గా అరగంట కోసమే బతుకుతున్ననమ్మా."

బాలమ్మ పిండి చేతుల్ని చీరకు తుడుచుకుంది. దగ్గరికి జరగబోయి, మోకాలు సహకరించక, ఉన్నచోటి నుంచే కూతురి పాదం మీద చెయ్యి వేసింది.

"నువ్వు పెండ్లయిన తొమ్మిదేండ్లకు పుట్టినవు" అంది. "గా తొమ్మిదేండ్లు నేనేం చేసిన్నో ఎరుకనా? దినాం ఒకరి పిల్లలకు తానం పోసుడు, ఇడిసిపెట్టి ఇంటికొచ్చుడు. ఒక పిల్ల ఉండె, గౌలిపురల. దాన్ని ఇడిసిపెట్టబుద్ధి కాక నాలుగు నెలలు పోయిన, వాళ్ళు వద్దన్నంక గూడ. ఆఖరికి దాని తల్లి వాకిట్లనే నిలబెట్టి, 'బాలమ్మా, నా బిడ్డ నన్ను చూసి ఏడుస్తున్నది' అన్నది. ఇంటికొచ్చి మూడు దినాలు పండుకున్న."

స్వీటీ తలెత్తింది. ఈ ముచ్చట ఆమె ఎప్పుడూ వినలేదు.

"గా తర్వాతనే గా చుక్క మొదలుపెట్టిన. అందరు తల్లి కోసమనుకుంటరు. తల్లి కోసం కాదే. నా కోసం పెట్టుకున్న. దినాం నా చెయ్యి పడకముందు వాళ్ళ చెయ్యి పడ్తె, వాళ్ళ బిడ్డ అని నాకు యాదికుంటది. నువ్వు దాన్ని కార్డులకెళ్ళి తీసేస్తివి."

బాలమ్మ మళ్ళీ జల్లెడ అందుకుంది. కాయితం వద్దని గాని, ఆర్నెల్లకు పోవద్దని గాని చెప్పలేదు. కూతురికి ఏది కావాలో ఆమెకు తెలుసు. తొమ్మిదేళ్ళు తనకూ అదే కావాల్సి వచ్చింది.

మర్నాడు పొద్దున స్వీటీ మొదటి మూడిళ్ళకూ ఫోను చేసి, గంట ఆలస్యమవుతుందని చెప్పి, ముందుగా ఉప్పుగూడ వెళ్ళింది. సంచిలో నూనె సీసా, నలుగు పిండి, ఊదు, పాత చీర ముక్కలు. వాటి అడుగున ఆ కాయితం. పదకొండు వరసలకూ రేటు వేసింది, మొత్తం కూడా కూడింది. ఇవ్వాలో వద్దో మాత్రం ఆటో దిగేదాకా తేలలేదు.

శ్రీనాథ్ తల్లి గోదమ్మగారు ఎప్పటిలా వేడినీళ్ళ బకెట్ సిద్ధంగా పెట్టి, "ఆఖరు రోజని బాధపడకమ్మా, మావాడు చెప్పిండు కదా, ఇగ నువ్వు మా ఇంటి మనిషివే" అంది. ముందుగదిలో శ్రీనాథ్ పేపరు చదువుకుంటూ, చేత్తోనే నమస్కారం పెట్టాడు. పిల్లవాణ్ణి గోదమ్మగారు తెచ్చి ఇచ్చింది. ఆటో చప్పుడుకే వాడు లేచి, చేతులు ఆడిస్తున్నాడు.

స్వీటీ పీట వేసుకుని కూర్చుంది. కాళ్ళు చాపింది. వాణ్ణి పడుకోబెట్టుకుంది. నూనె గిన్నె దగ్గరికి లాక్కుంది. ఆ వెచ్చటి బరువు కాళ్ళ మీద పడగానే, రాత్రంతా అనుకున్నవన్నీ కొట్టుకుపోయాయి. ఆర్నెల్లు. ఎవరు అడ్డం వచ్చారు? వాళ్ళే అడిగారు, వాళ్ళే ఇస్తామంటున్నారు. చెయ్యి గిన్నె దాకా వెళ్ళింది. నూనెలో వేలు మునగబోతుండగా ఆగిపోయింది.

"మేడం" అని పిలిచింది. గొంతు తనకే వినబడలేదు. మళ్ళీ పిలిచింది. "మేడం! ఒక్కపారి ఇటు రాండ్రి."

వాగ్దేవి వచ్చింది. జడ వేసుకోని జుట్టు, కళ్ళ కింద నలుపు. బ్యాంకులో కౌంటర్ దగ్గర కూర్చుని రోజుకు రెండువందల మందితో గలగల మాట్లాడే మనిషని గోదమ్మగారు చెబితే నమ్మశక్యం కాదు. సరిగ్గా పన్నెండో రోజు నిలబడ్డ చోటే, గడప మీదే ఆగింది.

"తలుపెయ్యాలా?" అని అడిగింది.

స్వీటీకి చెంప మీద కొట్టినట్టయింది. "వద్దు మేడం. లోపటికి రాండ్రి. కూసోండ్రి. వేలు ఇటియ్యుండ్రి."

"నాకొద్దు. నా చేతులు వణుకుతయి. మీరు ఉంటరు కదా ఇంక..."

"ఒక్క చుక్కనే మేడం. అరికాలుకు."

స్వీటీ ఆమె చూపుడువేలు పట్టుకుంది. మంచుముక్కలా ఉంది అది. నూనెలో ముంచి, పిల్లవాడి అరికాలి మీదకు తెచ్చి, వదిలేసింది. వేలు గాల్లో అలాగే వణుకుతూ నిలబడింది. తర్వాత తాకింది.

వాడు కాలు వెనక్కి లాక్కుని గుక్కపట్టాడు. మొహం ఎర్రగా చేసుకుని, స్వీటీ గొంతు కోసం అటూ ఇటూ తల తిప్పాడు. ఒక్కసారి 'బంగారీ' అంటే చాలు, ఊరుకుంటాడు. ఆ మాట ఆమె నాలుక చివరికి వచ్చేసింది. పళ్ళతో పెదవి నొక్కిపట్టి, తల పక్కకు తిప్పుకుంది. నలభై రోజుల్లో ఆమె చేసిన పనులన్నిటిలోకీ ఆ నిమిషం నోరు మూసుకు కూర్చోవడమే కష్టమైన పని. దానికి ఏ కార్డు మీదా రేటు లేదు.

"ఏడుస్తున్నడు, మీరు తీసుకోండి" అంది వాగ్దేవి కంగారుగా.

"మీరు మాట్లాడుండ్రి మేడం, వానితోని."

"ఏం మాట్లాడాలె?"

"ఏదన్న. మీ బ్యాంకు ముచ్చటే చెప్పుండ్రి."

వాగ్దేవి బిక్కమొహం వేసింది. ఏడుపు ఇంకా పెరిగింది. ఏమీ తోచక, కౌంటర్ దగ్గరికి వచ్చినవాళ్ళతో మాట్లాడినట్టే మొదలుపెట్టింది. "చూడండీ, మీ ఫారం మీద సంతకం కలుస్తలేదు. ఆధార్ జిరాక్స్ తెచ్చారా? పాన్ కార్డేది? ఇవేవీ లేకుండ ఖాతా ఎట్ల తెరుస్తరు మీరు? ఇట్ల ఏడిస్తే ఎట్ల చెప్పండి..."

ఏడుపు ఆగింది. వాడు కళ్ళు పెద్దవి చేసుకుని ఆ గొంతు వచ్చే వైపు చూశాడు. తొమ్మిది నెలలు, నెల తక్కువైతే ఎనిమిది నెలలు, రోజూ విన్న గొంతు అది. పాన్ కార్డు లేదన్నా వాడికి బెంగ ఉన్నట్టు లేదు. వాగ్దేవికి నవ్వు, ఏడుపు ఒక్కసారే వచ్చాయి. వేలు అరచెయ్యి అయింది. అరచెయ్యి పాదాన్ని పూర్తిగా కప్పింది.

"అంతే బంగారీ" అంది వాగ్దేవి. "అంతే నా బంగారీ."

స్వీటీ చప్పున తల తిప్పింది. ఆ పేరు కంటే ముందు ఆమె కంటబడింది ఆ చెయ్యి. బొటనవేలు మడమ దగ్గర మొదలై, అరికాలి గుంట దగ్గర తేలికపడి, వేళ్ళ దగ్గర మళ్ళీ నొక్కుతోంది. అది ఎవరికీ పుట్టుకతో రాదు. బాలమ్మ దగ్గర ఆ నొక్కు నేర్చుకోవడానికి స్వీటీకి రెండు వారాలు పట్టింది.

"గిది యాడ నేర్చుకున్నరు మేడం?"

వాగ్దేవి చెయ్యి ఆపలేదు. "తలుపు సందులకెళ్ళి" అంది. "ఆ రోజు మీరు తలుపేసినంక ఈడనే నిలబడ్డ. తర్వాత రోజూ నిలబడ్డ."

ఇరవై ఎనిమిది రోజులు. ఆస్పత్రిలో అద్దం బయట పదిహేను రోజులు నిలబెట్టారని ఈమెను చూసి జాలిపడింది స్వీటీ. ఇంట్లో దాదాపు అంతకు రెట్టింపు రోజులు తలుపు బయట నిలబెట్టింది తనే.

"ఆ దినం చలిగాలి లేకుండె మేడం" అంది.

"తెలుసు. మే నెలల చలిగాలేందా అనుకున్న." వాగ్దేవి రెండో పాదం చేతిలోకి తీసుకుంది. తర్వాత, "కానీ తలుపు పడంగనే నాకూ హాయనిపించింది స్వీటీ. ముట్టుకునే పని తప్పింది కదా అని. మిమ్మల్నొక్కదాన్నే ఏమనను?" అంది.

ఇద్దరూ కలిసి లాల పోశారు. నీళ్ళు స్వీటీ పోసింది, చేతులు ఎక్కువగా వాగ్దేవివే. మెడ కింద చెయ్యి పెట్టే దగ్గర ఒకసారి తడబడింది, అంతే. తల తుడిచే దగ్గర ఒకసారి భయపడింది. ఇంక నేర్పాల్సింది ఎంతుందో స్వీటీకి చేతి కొలతగా తెలిసిపోయింది. నాలుగు రోజులు. మహా అంటే ఐదు. ఆ తర్వాత ఈ ఇంట్లో తన అవసరం లేదు.

పిల్లవాణ్ణి మెత్తటి చీర ముక్కలో చుట్టి వాగ్దేవి ఒళ్ళో పెట్టింది. నలభై రోజుల్లో స్నానం కాగానే వాణ్ణి ఇంకొకరి ఒళ్ళో పెట్టడం ఇదే మొదలు. ఖాళీ అయిన తన ఒళ్ళో చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు.

"స్వీటీ, కాయితం రాసుకొచ్చిన్రా?" ముందుగదిలోంచి శ్రీనాథ్ కేకేశాడు. "ఎంతైందో చెప్తే ఇవ్వాళే సగం పంపిస్త."

స్వీటీ కదల్లేదు. వాగ్దేవే చెయ్యి చాపింది, ఆ రోజు గడప మీద చాపినట్టే. ఈసారి స్వీటీ సంచి అడుగు నుంచి కాయితం తీసి ఆ చేతిలో పెట్టింది. వాగ్దేవి నూనె మరకలు అంటిస్తూ పదకొండు వరసలూ చదివింది. ఏడో వరస దగ్గర, 'ఏడిస్తే ఊకుంచుడు' దగ్గర, చాలాసేపు ఆగింది. తర్వాత కాయితాన్ని తిరగేసి, ఏమీ రాయని వైపు పైకి పెట్టి, స్వీటీకి తిరిగి ఇచ్చింది.

"ఇటు రాయండి. ఇంకో ప్యాకేజీ. వానికి కాదు, నాకు. వీణ్ణి నేనొక్కదాన్నే భయం లేకుండ లాల పోసుకునేదాక." ఆమె గొంతులో ఎన్నాళ్ళకో కౌంటర్ దగ్గరి మనిషి వినిపించింది. "ఆయన్ని నేను ఒప్పిస్త. డబ్బు సంగతి వదిలేయండి. ఎన్ని రోజులు పడ్తదో మాత్రం నాకు తెలీదు. నా చెయ్యి మీరు చూసిన్రు, మీకే తెలుస్తది. పది రాసినా సరే, నలభై రాసినా సరే, ఆర్నెల్లంటే ఆర్నెల్లు. మీరెన్ని రాస్తే అన్ని రోజులు రండి. మీ మాట నమ్ముత."

స్వీటీ పెన్ను తీసింది. కాయితాన్ని మోకాలి మీద పెట్టుకుంది. పైన 'తల్లి ప్యాకేజీ' అని రాసింది. కింద అంకెకు కాస్త చోటు వదిలి, దాని పక్కన 'రోజులు' అని రాసింది.

తల్లి ఒళ్ళో ఉన్నవాడు నిద్రలోకి జారుతూ, మళ్ళీ కళ్ళు తెరిచి, స్వీటీ వైపే తల తిప్పాడు. ఇంతసేపూ తనను పిలవని గొంతు కోసం చూస్తున్నాడు.

"చెప్పండి స్వీటీ" అంది వాగ్దేవి. "ఎన్ని?"